సీలింగ్ మూసేముందే తేలాలి: ఫ్లాట్లలో ఏసీ ‘లో సైడ్’ పని చేసే మూడు రకాల సేవలపై సమీక్ష

ఫ్లాట్ ఇంటీరియర్ మొదలుపెట్టినవాళ్లు కిచెన్ షట్టర్ల రంగుమీద పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా సీలింగ్ లోపల నడిచే ఏసీ పనిమీద (ఈ వృత్తిలో ‘లో సైడ్’ అంటారు) పెట్టరు. రాగి పైపులు, డ్రెయిన్ లైను, డక్టు (చల్లగాలి పోయే గొట్టం), కేబుళ్లు అన్నీ జిప్సం బోర్డు బిగించిన రోజునుంచి కనుమరుగవుతాయి. ఆ తర్వాత పదేళ్లు ఇల్లు చల్లబడాలన్నా, గోడలు తడవకుండా ఉండాలన్నా ఆధారం ఆ పనే. హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు టవర్లలో మూడు, నాలుగు బెడ్‌రూముల ఫ్లాట్లకు వీఆర్‌ఎఫ్ (ఒకే అవుట్‌డోర్‌తో అన్ని గదుల ఇండోర్లూ నడిచే ఏసీ) గానీ డక్టబుల్ (సీలింగ్‌లో దాచి డక్టు ద్వారా గాలి పంపే ఏసీ) గానీ పెట్టించుకోవడం మామూలైంది కాబట్టి ఈ పని ఎవరికివ్వాలన్న ప్రశ్న ఇప్పుడు చాలామందిది.

దొరికే సేవలు మూడు రకాలు. ఏసీ కంపెనీ అధీకృత డీలర్ ఒకరు. ఏసీ, ప్లంబింగ్, ఫైర్ పనులు కలిపి చేసే స్వతంత్ర ఎంఈపీ కాంట్రాక్టర్ ఇంకొకరు. ఇంటీరియర్ సంస్థ తన టర్న్‌కీ (ఇంటి పనంతా ఒకే కాంట్రాక్టుగా తీసుకునే) ధరలో కలిపి ఇచ్చే ఏసీ ప్యాకేజీ మూడోది. ఈ మూడింటినీ ఒకే కొలతతో చూస్తున్నాం: సీలింగ్ మూసేముందు ఏ పరీక్ష చేసి చూపిస్తారు, ఏది కాగితం మీద రాసిస్తారు. మెషిన్ ఏ బ్రాండన్నది ఆ తర్వాతి సంగతి.

తేడా కొటేషన్‌లోనే తెలిసిపోతుంది. మంచి డీలర్ దాన్ని రెండు ముక్కలు చేస్తాడు. మెషిన్లది హై సైడ్, మిగతా పనంతా లో సైడ్. లో సైడ్‌లో రాగి పైపు సైజువారీగా రన్నింగ్ మీటర్లలో ఉంటుంది. ఇన్సులేషన్ మందం, డ్రెయిన్ పైపు సైజు, డక్టు చదరపు మీటర్లలో, కోర్ కటింగ్ (పైపుకోసం గోడలో మెషిన్‌తో గుండ్రంగా కోసే) రంధ్రాల లెక్క, అదనంగా ఎక్కించే గ్యాస్ కిలోల్లో రాసి ఉంటాయి. ఎంఈపీ కాంట్రాక్టర్ల కొటేషన్లు కూడా చాలావరకు ఇలాగే ఉంటాయి. టర్న్‌కీ ప్యాకేజీలో మాత్రం ‘ఏసీ పైపింగ్‌తో సహా లంప్‌సమ్’ అని ఒకే ఒక లైను కనబడుతుంది. లంప్‌సమ్ అన్నచోట పైపు మందం ఉండదు. మందం రాయని చోట పల్చటి పైపే వస్తుంది.

కొటేషన్‌లో మరో రెండు విషయాలు అడగాలి. రన్నింగ్ మీటరంటే లిక్విడ్ (గ్యాస్ ద్రవంగా వెళ్లే), సక్షన్ (ఆవిరిగా తిరిగొచ్చే) పైపులు జతగా కలిపి ఒక మీటరా, లేక దేనికది వేరా? ఈ ఒక్క మాట తేల్చుకోకపోతే చివరి బిల్లులో పైపు పొడవు రెట్టింపవుతుంది. ఇక పన్ను: 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత ఫార్మాట్‌లో 28 వేసిన కొటేషన్ చేతికొస్తే మార్పించుకోండి.

టన్నేజీ విషయంలో ముగ్గురిలోనూ బద్ధకం ఉంది. వంద చదరపు అడుగులకో టన్ను అని నోటి లెక్క చెప్పేస్తారు. పడమటి గోడకు నిలువెత్తు గాజు ఉన్న పై అంతస్తు హాలుకూ, మధ్య అంతస్తులో ఉత్తరం వైపు బెడ్‌రూముకూ ఒకే లెక్క ఎలా సరిపోతుంది? గదివారీ హీట్ లోడ్ షీట్ (ఏ గదికి ఎంత వేడి చేరుతుందన్న లెక్క) అడగండి. గాజు వైశాల్యం, అది ఏ దిక్కున ఉంది, పైన శ్లాబు ఎండకు ఉందా, ఎంతమంది ఉంటారు అన్న నాలుగూ అందులో లేకపోతే అది లోడ్ షీట్ కాదు. అధీకృత డీలర్లు కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో పైపు సైజులతో సహా లెక్క తీసి ఇవ్వగలరు, అడిగితేనే ఇస్తారు.

ఈ ప్రాంతపు టవర్లలో పనికి ముందే వచ్చే చిక్కు మైవాన్ గోడ. అల్యూమినియం షట్టరింగ్‌తో పోసిన ఆ గోడలన్నీ ఆర్‌సీసీయే, భవనం బరువు మోసేవే. ఇటుక గోడలో గాడి కొట్టినట్టు వీటిలో గాడి కొట్టి పైపు దాచడానికి వీల్లేదు. బిల్డర్ గోడలో ముందే వదిలిన స్లీవ్‌ల (రంధ్రాల) గుండానే పైపు నడపాలి. కొత్త రంధ్రం తప్పదంటే బిల్డర్ దగ్గరో, అసోసియేషన్ దగ్గరో రాతపూర్వక అనుమతి తీసుకుని, డైమండ్ కోర్ మెషిన్‌తో మాత్రమే వేయాలి. బీముకు రంధ్రం అన్నమాటే వద్దు. పోస్ట్ టెన్షన్ శ్లాబ్ అయితే లోపల బిగించిన తీగలు ఎక్కడున్నాయో స్కానింగ్ చేయకుండా డ్రిల్లు పెట్టకూడదు. ఈ విషయంలో ఎంఈపీ కాంట్రాక్టర్లకే ఎక్కువ మార్కులు. స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడిగి తీసుకునే అలవాటు వాళ్లలో ఉంది. టర్న్‌కీ సైట్లలో సుత్తి, ఉలి పట్టుకుని గోడ మీద పడే మేస్త్రీలు ఇంకా కనబడుతూనే ఉన్నారు. ఇది మన ఒక్క ఫ్లాటు సమస్య కాదు. పైనా కిందా ఉన్న ఇళ్లన్నీ ఆ గోడమీదే నిలబడ్డాయి.

రాగి పైపు. 12.7 మిల్లీమీటర్ల (అరంగుళం) పైపుకు 0.8 మిల్లీమీటర్ల మందం కావాలని రాయించుకుంటే సరిపోదు, సైట్‌కు వచ్చిన కాయిల్‌ను తూకం వేయించాలి. ఈ సైజులో 0.8 మందమున్న 15 మీటర్ల కాయిల్ సుమారు 4 కిలోలు తూగుతుంది. 0.7 అయితే మూడున్నర, 0.6 అయితే మూడు కిలోల చిల్లర. మందం కొలిచే వెర్నియర్ లేకున్నా కిరాణా కొట్టు తూకం చాలు. ఆర్-32, ఆర్-410ఏ గ్యాసులు పాత ఆర్-22 కంటే దాదాపు 1.6 రెట్ల పీడనంలో పనిచేస్తాయి కాబట్టి మందంలో రాజీపడితే ఫ్లేర్ చేసినచోట (నట్టు బిగించడానికి పైపు కొసను వెడల్పు చేసినచోట) పైపు చీలుతుంది. అందుకే పాత ఇంటి రీమోడలింగ్‌లో ‘పాత పైపులే వాడేద్దాం సార్’ అనే సలహాకు ఒప్పుకోవద్దు. ఆర్-22 లైన్లలో మినరల్ ఆయిల్ మడ్డి మిగిలి ఉంటుంది. కొత్త మెషిన్లలోని సింథటిక్ ఆయిల్‌తో అది కలవదు, గోడలో ఉన్న ఆ పైపు మందం ఎంతో చెప్పేవారూ ఉండరు.

ఇప్పుడు ఈ సమీక్షకు గుండెకాయ లాంటి పని: అతుకులు. బ్రేజింగ్ (మంటతో లోహం కరిగించి పైపులు అతకడం) చేసేటప్పుడు పైపు లోపల గాలి ఉంటే రాగి కాలి నల్లటి పొలుసు కడుతుంది. మెషిన్ నడవడం మొదలయ్యాక ఆ పొలుసు రాలి, స్ట్రైనర్‌లోనూ (జల్లెడ) ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనూ (గ్యాస్‌ను సన్నగా వదిలే వాల్వు) ఇరుక్కుంటుంది. ఆర్నెల్లకో, ఏడాదికో ఒక గది చల్లబడటం మానేస్తుంది. మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గిందని ఎక్కిస్తాడు, మళ్లీ అదే కథ. దీనికి విరుగుడు అతుకు వేస్తున్నంతసేపూ పైపులో సన్నగా, 0.2 బార్ (ఒత్తిడి కొలత) దరిదాపుల్లో, నైట్రోజన్ పారించడమే. సిలిండర్‌కు రెగ్యులేటర్ బిగించి, పైపు ఒక కొస నుంచి వదలాలి. అతుకు చల్లారేదాకా ఆపకూడదు. చేశారో లేదో తెలుసుకోవడం సులభం. ఏదో ఒక అతుకును కోయించి లోపల చూడండి. రాగి మెరుస్తుంటే చేసినట్టు, మసి పట్టి ఉంటే చేయనట్టు. ఒక అతుకు కోయిస్తామని ముందే ఒప్పందంలో రాసుకుంటే తక్కినవన్నీ వాటంతటవే శుభ్రంగా వస్తాయి.

ఇక్కడ అధీకృత డీలర్ల మధ్యే పెద్ద అంతరం ఉంది. సొంత బ్రేజింగ్ టీమ్ ఉన్న డీలర్ వేరు, పని దొరికాక టీమ్‌ను వెతుక్కునే డీలర్ వేరు. షోరూమ్ బోర్డు చూసి ఈ తేడా తెలియదు. అతుకులు వేసే మనిషి ఎవరు, ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ చేశాడా, పని అయ్యేదాకా అతనే ఉంటాడా అని అడగండి. టర్న్‌కీలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాడే సైట్‌లో ఉండడు. సూపర్‌వైజర్ వడ్రంగి పని చూస్తుంటాడు, ఏసీ కుర్రాళ్లు ఎవరో పంపితే వచ్చి పోతుంటారు.

వీఆర్‌ఎఫ్‌లో కొమ్మలు చీలే వై-జాయింట్లను పడుకోబెట్టి గానీ నిలువుగా గానీ పెట్టాలి. పడుకోబెట్టినప్పుడు 30 డిగ్రీలకు మించి పక్కకు ఒరగకూడదు. వాలితే గ్యాస్ ఒక కొమ్మకే ఎక్కువ పోయి, చివరి గదికి గ్యాస్ అందదు. జాయింటుకు ముందూ వెనకా అర మీటరు వరకు వంపు లేని పైపు ఉంచాలి. ఫ్లేర్ నట్లను స్పానర్‌తో చేతి అంచనాకు బిగించడం మరో దురలవాటు. అరంగుళానికి 50 నుంచి 60 న్యూటన్ మీటర్లు, పావంగుళానికి 14 నుంచి 17 అని పద్ధతి ఉంది. టార్క్ రెంచ్ సంచిలో లేని టీమ్‌కు ఈ పని ఇవ్వకూడదన్నది మా గట్టి అభిప్రాయం. వీఆర్‌ఎఫ్‌లో ఒక్క నట్టు కారినా గ్యాసంతా పోయి ఇల్లంతా ఆగిపోతుంది.

ప్రెషర్ టెస్ట్ పొడి నైట్రోజన్‌తోనే చేయాలి. కంప్రెసర్ గాలి పనికిరాదు, ఆక్సిజన్ అసలు దరిచేరకూడదు. ఆక్సిజన్‌కు ఆయిల్ తగిలితే పేలుతుంది. వీఆర్‌ఎఫ్‌కు 40 బార్ వరకు మెట్లు మెట్లుగా ఎక్కించాలి. ముందు 3 బార్, తర్వాత 15, ఆ తర్వాత పూర్తి ఒత్తిడి. మధ్యమధ్య ఆగి సబ్బు నీళ్లతో అతుకులు చూడాలి. చివరికి 24 గంటలు వదిలేయాలి. ఎక్కించిన వేళ, గేజ్ అంకె, అప్పటి ఉష్ణోగ్రత మూడూ రాసి ఫోటో తీయండి. మరుసటి రోజు చల్లటి ఉదయాన చూస్తే ఒత్తిడి తగ్గే ఉంటుంది, కంగారు అక్కర్లేదు. 40 బార్ దగ్గర ఒక్కో డిగ్రీకి సుమారు 0.13 బార్ మారుతుంది. నిన్న మధ్యాహ్నం 36 డిగ్రీలు, ఇవాళ పొద్దున 26 అయితే 1.3 బార్ తగ్గడం సహజం. అంతకు మించి తగ్గితే కారుతున్నట్టే. అదే సాకుగా చెప్పి 3 బార్ తరుగుదలను కూడా ‘వాతావరణం సార్’ అని దాటేసేవాళ్లున్నారు. అందుకే ఉష్ణోగ్రత రాసిపెట్టడం. సీలింగ్ వాళ్లు పని చేస్తున్నన్నాళ్లూ లైన్లో ఒత్తిడి అలాగే ఉంచి, గేజ్ బయటికి కనబడేలా పెట్టిస్తే ఇంకా మేలు. జిప్సం స్క్రూ పైపులో దిగిన క్షణమే తెలిసిపోతుంది.

తర్వాతిది వ్యాక్యూమ్, అంటే పంపుతో పైపులోని గాలినీ తేమనూ లాగేయడం. సాధారణ గేజ్ ముల్లు కిందికి దిగగానే అయిపోయిందనుకోవడం ఈ వృత్తిలో ఎక్కడికెళ్లినా కనబడే లోపం. 5,000 మైక్రాన్ల (పైపులో మిగిలిన ఒత్తిడిని కొలిచే లెక్క; అంకె తగ్గేకొద్దీ మేలు) దగ్గరా, 500 దగ్గరా ఆ ముల్లు ఒకేచోట ఉంటుంది. తేడా చూపేది డిజిటల్ మైక్రాన్ గేజ్ ఒక్కటే. 500 మైక్రాన్ల కిందికి దింపి, పంపు ఆపి, వాల్వు మూసి చూడాలి. అంకె ఆగకుండా పైకి పోతుంటే లీకు. కొంత పెరిగి 1,500, 2,000 దగ్గర నిలబడితే లోపల తేమ ఉన్నట్టు. నైట్రోజన్ వదిలి మళ్లీ లాగాలి. తేమ మిగిలితే సింథటిక్ ఆయిల్‌తో కలిసి ఆమ్లమై కంప్రెసర్ వైండింగ్‌ను తింటుంది. వానాకాలంలో పైపు కొసలకు టేపు చుట్టకుండా రాత్రంతా వదిలేసిన సైట్లలో ఈ పని ఒక పూట ఎక్కువే పడుతుంది, పట్టనివ్వండి.

గ్యాస్ కూడా తూకం మీదే ఎక్కించాలి. ఆర్-410ఏ వీఆర్‌ఎఫ్‌లో లిక్విడ్ పైపు పావంగుళమైతే మీటరుకు 22 గ్రాములు, మూడు సూతులది (3/8 అంగుళం) అయితే 59 గ్రాముల చొప్పున అదనం అన్నది వాడుకలో ఉన్న లెక్క. మీ మోడల్ మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. ఎంత ఎక్కించారో అవుట్‌డోర్ మీద స్టిక్కర్‌గా అంటించడం డీలర్లు బాగా చేస్తారు. మిగతా ఇద్దరూ మరిచిపోతారు.

డ్రెయిన్ చిన్న పనిలా కనబడుతుంది గానీ, సీలింగ్ మూసిన తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది ఇదే. వాలు కనీసం మీటరుకు ఒక సెంటీమీటరు. 12 మీటర్ల దూరం పోయే లైన్ చివరికి 12 సెంటీమీటర్లు దిగాలి. సీలింగ్‌లో అంత ఎత్తు ఉందా అన్నది జిప్సం ఫ్రేము కట్టకముందే చూడాలి, కట్టాక కాదు. స్లిమ్ డక్ట్ యూనిట్లలో చాలావాటికి నీళ్లు పైకి తోసే పంపు లోపలే ఉంటుంది. ఎక్కువ స్టాటిక్ (గాలిని డక్టులో దూరం తోసే ఒత్తిడి) ఉన్న పెద్ద డక్టబుల్స్‌లో తరచూ ఉండదు. ట్రే ఫ్యాన్ లాగే వైపు ఉన్న యూనిట్లకు 50 మిల్లీమీటర్ల లోతైన యూ-ట్రాప్ తప్పనిసరి. లేకపోతే ఫ్యాన్ పైపులోంచి గాలి పీలుస్తుంది, నీరు ట్రేలోనే నిలిచి, మెషిన్ ఆపగానే సీలింగ్ మీదికి దూకుతుంది. సపోర్టులు మీటరుకు, మీటరున్నరకు ఒకటి ఉండాలి, లేకుంటే పీవీసీ మధ్యలో వేలాడి వాలు పోతుంది. సీలింగ్ లోపలి డ్రెయిన్ పైపుకూ ఇన్సులేషన్ వేయాలి. చివరగా ప్రతి ఇండోర్ ట్రేలో బకెట్ నీళ్లు పోయించి, అవతలి కొసన చూడండి. ఈ పనిలో ఎంఈపీ కాంట్రాక్టర్లు అందరికంటే మెరుగు. ప్లంబర్ వాళ్ల మనిషే కావడం వల్ల కలపాల్సిన ఫ్లోర్ ట్రాప్ ఎక్కడో వాళ్లకు తెలుసు.

పైపుకు తొడిగే నైట్రైల్ (నల్ల రబ్బరు) ఇన్సులేషన్ విషయంలో ఊరిని బట్టి నిర్ణయం మారాలి. హైదరాబాద్‌లో 13 మిల్లీమీటర్లు సరిపోయే సక్షన్ లైనుకు విశాఖలోనో, కాకినాడలోనో 19 వేయించాలి. సముద్రపు తేమకు పల్చటి ఇన్సులేషన్ చెమటోడుస్తుంది. తీరంలో అవుట్‌డోర్ స్టాండు హాట్ డిప్ గాల్వనైజ్డ్‌దో, 304 స్టీల్‌దో కావాలి. పెయింటు వేసిన యాంగిల్ ఉప్పుగాలికి నిలవదు. ఎండ తగిలే పైపుకు ఎక్కడైనా పైన కవచం ఉండాలి.

టర్న్‌కీ వాళ్లు పూర్తిగా తప్పే చోటు గాలి లెక్క. టన్నుకు 400 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి). ఒకటిన్నర టన్నుల డక్ట్ యూనిట్‌కు 600. చప్పుడు రాకుండా గాలి వెనక్కి పోవాలంటే రిటర్న్ గ్రిల్ దగ్గర వేగం నిమిషానికి 400 అడుగులు దాటకూడదు. పట్టీలు ఆక్రమించే చోటు కూడా కలుపుకుంటే గ్రిల్ 24 అంగుళాలు బై 14 దాకా ఉండాలి. డిజైనర్ మాత్రం అందం కోసం నాలుగడుగుల పొడవు, మూడంగుళాల వెడల్పు గీత గీస్తాడు. అది మొత్తం ఒక చదరపు అడుగు, పట్టీలు పోను ఇంకా తక్కువ. బెడ్‌రూములో రాత్రంతా ఈల మోగినట్టు ఉంటుంది, కాయిల్ మీద మంచు కడుతుంది. డ్రాయింగ్ దశలోనే ఏసీ వాళ్లూ డిజైనరూ కూర్చుని గ్రిల్ సైజులు సంతకం చేయాలి. ట్రాప్ డోర్ (సర్వీసుకోసం సీలింగ్‌లో ఉంచే తలుపు) రెండడుగులు బై రెండడుగులు, కంట్రోల్ బాక్సూ డ్రెయిన్ పంపూ ఉన్న వైపే ఉండాలి. చెయ్యి మాత్రమే పట్టే తలుపు పెడితే మొదటి సర్వీసుకే సీలింగ్ కోయాల్సి వస్తుంది. జీఐ (జింకు పూత ఇనుప రేకు) డక్టు 750 మిల్లీమీటర్ల వెడల్పు వరకు 24 గేజ్ చాలు.

అవుట్‌డోర్‌ను యుటిలిటీ బాల్కనీలో పెట్టి, ముందు అలంకారపు లూవర్లు బిగిస్తే వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీలుస్తుంది. మే మధ్యాహ్నం హై ప్రెషర్‌లో ట్రిప్ అవడానికి సగం కారణం ఇదే. లూవర్ పట్టీల మధ్య సందు వెడల్పుగా ఉంచి, వేడిగాలి నేరుగా బయటికి పోయేలా హుడ్ పెట్టించాలి.

ఎత్తైన టవర్లలో ఫ్లాట్ లోపల స్ప్రింక్లర్లు ఉంటే, సీలింగ్ కిందికి దించినప్పుడు వాటినీ కొత్త మట్టానికి దింపాలి. బోర్డు వెనక మూసేయడం, పెయింట్ కొట్టడం రెండూ ప్రమాదమే. ఆ పని అసోసియేషన్ అంగీకరించిన ఫైర్ కాంట్రాక్టర్‌తోనే చేయించి, 14 బార్ దగ్గర 2 గంటల టెస్ట్ చూడాలి.

అర్హత పత్రాల గురించి ఒక మాట. కరెంటు పనికి తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ఉంటాడు గానీ, ఏసీ పనికి అలాంటి ప్రత్యేక రాష్ట్ర లైసెన్సు మనకు లేదు. డాలస్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్లకు ఇది వింతగా ఉంటుంది. టెక్సస్‌లో ఈ పనికి రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి, 25 టన్నుల వరకు చేసేవాళ్లకు బీ క్లాసు, పరిమితి లేకుండా చేసేవాళ్లకు ఏ క్లాసు. కాలిఫోర్నియాలో సీ-20 లైసెన్సు. అక్కడ ప్రభుత్వం వడపోసే పనిని ఇక్కడ ఇంటి యజమాని ఒప్పందం ద్వారా చేసుకోవాలి. కాబట్టి జీఎస్టీ నంబర్, కూలీల బీమా, కంపెనీ అధీకృత పత్రం చూడండి. వాటికంటే ముందు మైక్రాన్ గేజ్, టార్క్ రెంచ్, నైట్రోజన్ రెగ్యులేటర్ మూడూ సొంతంగా ఉన్నాయో లేదో చూడండి.

మా మార్కులు: వీఆర్‌ఎఫ్‌కు సొంత టీమ్ ఉన్న అధీకృత డీలర్‌కు 5కి 4. మెషిన్, పైపు రెండింటి వారంటీకీ ఒకడే జవాబుదారీ కావడం పెద్ద లాభం. టీమ్‌ను బయటి నుంచి తెచ్చే డీలర్‌కు రెండున్నర. ఏసీతో పాటు బాత్రూములు, ఫైర్ లైన్లు కూడా మార్చే పెద్ద రీమోడలింగ్‌కు ఎంఈపీ కాంట్రాక్టర్‌కు మూడున్నర. కమిషనింగ్‌కు (మొదటిసారి నడిపి సరిచూడటానికి) మాత్రం కంపెనీ ఇంజినీర్‌ను పిలిపించాలి. టర్న్‌కీ ప్యాకేజీకి ఒకటిన్నర. ఇంటీరియర్ వాళ్లనే పెట్టుకున్నా, ఏసీ లో సైడ్‌ను వేరుచేసి నేరుగా ఒప్పందం చేసుకోండి. వాళ్లు సమన్వయం ఖర్చు అడిగితే ఇవ్వండి, నష్టం లేదు.

చెల్లింపులు ఇలా కడితే బాగుంటుంది: అడ్వాన్సు 20 శాతం, పైపు సైట్‌కు వచ్చి తూకం సరిపోయాక 30, ప్రెషర్ టెస్ట్, డ్రెయిన్ టెస్ట్ సంతకాలయ్యాక 25, కమిషనింగ్ తర్వాత 15, మిగతా 10 మొదటి వేసవి గడిచాక. అప్పగించేటప్పుడు సీలింగ్ మూయకముందు తీసిన ఫోటోలు, పైపులు ఎటునుంచి ఎటు పోయాయో చూపే డ్రాయింగ్, టెస్ట్ షీట్లు, ఎక్కించిన గ్యాస్ బరువు, ప్రతి యూనిట్ సీరియల్ నంబర్ ఒకే ఫైల్లో తీసుకోండి.